గడియారం ఆపకండి

పేపర్లవాళ్ళు నాకు 'ఆఖరి నిమిషం అలివేలు' అని పేరు పెట్టి పదహారేళ్ళయింది. ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. బాస్కెట్‌బాల్‌లో ముప్ఫై తొమ్మిది నిమిషాలు ఎవరైనా ఆడిస్తారు. నలభయ్యో నిమిషం ఆడించడానికే కోచ్ కావాలి. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం, బంతి వాళ్ళ చేతిలో ఉంది, పదిహేను సెకన్లే మిగిలాయి అనుకోండి. ఊరుకుంటే బంతి తిప్పుకుంటూ గెలిచేస్తారు. అందుకని కావాలనే ఫౌల్ చేస్తాం. గడియారం ఆగుతుంది. వాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు. ఒకటి తప్పితే మరీ మంచిది, ఎలాగూ ఆ తర్వాత బంతి మన చేతికొస్తుంది. దాచుకున్న టైమ్ అవుట్ తీసుకుంటాం. మళ్ళీ గడియారం ఆగుతుంది. ఎత్తు చెప్తాం, స్కోరు చేస్తాం, మళ్ళీ ఫౌల్ చేస్తాం. పదిహేను సెకన్లని తీగపాకంలా సాగదీయడం నా విద్య. కాకినాడ జట్టుకి నేను తెచ్చిన కప్పుల్లో సగం అలా వచ్చినవే.

ఆ విద్యతోనే నేనొక పిల్ల బుర్ర పాడుచేశాను. ఆ సంగతి ఎక్కడా రాయొద్దని లీగ్ వాళ్ళు నాకు ఉత్తరం పంపారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

'రెప్ప' తయారుచేసింది నా చెల్లెలు సువర్చల. మెడ వెనక అంటించుకునే వేలెడు పట్టీ అది. వెలిగిందంటే పెట్టుకున్నవాళ్ళకి ఒక్క సెకను పది సెకన్లంత అనిపిస్తుంది. కాళ్ళూ చేతులూ ఎప్పటిలాగే కదులుతాయి. చూపూ ఆలోచనా మాత్రం పదింతలు వేగంగా నడుస్తాయి. ఆపరేషన్లు చేసే డాక్టర్ల కోసమని మొదలుపెట్టింది పాపం. ఆ కంపెనీతో లీగ్ వాళ్ళు ఒప్పందం చేసుకుని, దాన్ని బాస్కెట్‌బాల్ కోర్టులోకి తెచ్చారు. జట్టుకి ఒక్కరే పెట్టుకోవాలి. స్కోరుబోర్డు మీద పది సెకన్లు మిగలగానే రెప్ప దానంతటదే వెలగాలి, సున్నా రాగానే ఆరిపోవాలి. పట్టీ తేలిగ్గా ఉండాలని దానికి సొంత గడియారం పెట్టలేదు. స్కోరుబోర్డు ఏది చెబితే దానికి అదే సమయం.

మా జట్టులో రెప్ప పెట్టుకున్నది పినపోతు నూకరత్నం. ఇరవై మూడేళ్ళు, పోర్టు ఆఫీసులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, నోరు తెరిస్తే కోర్టు అవతలిదాకా వినిపించే గొంతు. మొదటిసారి పెట్టుకుని ఆడిన రోజు, ఆఖర్లో నేను తీసుకున్న టైమ్ అవుట్ గురించి అది చెప్పింది విని అందరం పడీ పడీ నవ్వాం.

"మేడమ్ గారండి, మీరు నోరు తెరిచి 'రత్నం' అనేసరికి నేను మీ పళ్ళన్నీ లెక్కెట్టేశానండి. పైవరసలో ఒకటి కొద్దిగా విరిగిందండి."

"ఆ ఒక్క నిమిషంలోనే?"

"మీకు నిమిషమేనండి. నాకైతే ఓ పూట గడిచినట్టుందండి బాబూ."

ఆ మాట అప్పుడే చెవికెక్కితే ఈ కథే ఉండేది కాదు. నేను దాని వీపు మీద చరిచి, ఇకనుంచీ పళ్ళు తోముకుని వస్తాలే అన్నాను.

రత్నం రెప్ప పెట్టుకున్న పదకొండో మ్యాచ్ సెమీఫైనల్. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ ఆడించలేదు. నాలుగు పాయింట్ల వెనక నుంచి, ఆఖరి పది సెకన్లలో మూడు ఫౌళ్ళు, రెండు టైమ్ అవుట్‌లు వాడి ఒక పాయింటుతో గెలిపించాను. రత్నం ఎదుటివాళ్ళ పాసు ఎటు వెళ్తుందో వాళ్ళకంటే ముందే చూసి లాక్కుంది. మర్నాడు పేపర్లో నా ఫొటో దాని ఫొటో కంటే పెద్దది వేశారు. నేను దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను కూడా.

ఆ తర్వాత మూడు రోజులకి రత్నం ప్రాక్టీసుకి వచ్చి, బూట్లు వేసుకోకుండా బెంచీ మీద కూర్చుండిపోయింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైందే?"

"నేను రైల్వే గేటు దాటలేదండి మేడమ్."

"మరి ఎలా వచ్చావు?"

"అదేనండి నేనూ అడిగేది. గేటు యేసుంటే బండాపాను. రైలింకా రాలేదండి. తీరా చూస్తే ఇక్కడ స్టాండు యేసి దిగుతున్నాను. మధ్యలో బండెవరు నడిపారండి?"

అప్పుడు ఒక్కొక్కటే బయటపెట్టింది. అన్నం ముందు కూర్చుంటుంది, చూస్తే కంచం ఖాళీ, చెయ్యి ఎండిపోయి ఉంటుంది. వాళ్ళమ్మతో మాట్లాడుతూ ఉంటుంది, చూస్తే వాళ్ళమ్మ ఏడుస్తూ ఉంటుంది, తను ఏమందో తనకే తెలియదు. రెండు నెలలుగా ఇంతేనట. చెబితే జట్టులోంచి తీసేస్తానని దాచింది. నేను అలాంటిదాన్నేనని దానికి బాగా తెలుసు.

సువర్చల ల్యాబ్ విశాఖలో ఉంది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. రత్నం తలకి టోపీ లాంటిది తగిలించి, రెండు గంటలు తెర వంక చూసి, మా చెల్లెలు నన్ను పక్క గదిలోకి పిలిచింది.

"అక్కా, మెదడు అప్పు తెచ్చుకుని పరిగెత్తింది, ఇప్పుడు తీర్చుకుంటోంది. దొరికినప్పుడల్లా ఓ ముక్క కాలాన్ని మింగేస్తోంది. కానీ ఇది ఏడాదికి మూడు నిమిషాలు దాటితేనే వస్తుంది. ప్రతి మ్యాచ్ తర్వాత నువ్వు సంతకం పెట్టి పంపిన కాగితాల్లో పదకొండు మ్యాచ్‌లకీ కలిపి నూట పది సెకన్లే ఉన్నాయి. రెండు నిమిషాలు కూడా లేదు."

"అయితే?"

"అయితే ఆ అమ్మాయి ఇంటి దగ్గర దొంగతనంగా పెట్టుకుంటోంది. అడుగు."

అడిగాను. ఎలా అడగాలో అలా అడిగినా బాగుండేది. నిలదీశాను. ఎవరు తెచ్చిచ్చారు, ఎందుకు పెట్టుకున్నావు అని గద్దించాను.

"మా నూకాలమ్మ తల్లి మీద ఒట్టండి. నేను ముట్టుకోలేదు" అంది రత్నం. కాకినాడ దాకా దారిలో మళ్ళీ మాట్లాడలేదు. అంత గొంతున్న పిల్ల మూడు గంటలు నోరు విప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు కోపమే వచ్చింది తప్ప అనుమానం రాలేదు.

ఆదివారం సువర్చల మా ఇంటికొచ్చింది. దానికి నా ఆటంటే చిన్నప్పటినుంచీ చిరాకు. తను చేసిన పట్టీ మ్యాచ్‌లో ఎలా పనిచేస్తుందో ఒక్కసారైనా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ల్యాబ్‌లో పది సెకన్లు పరిగెత్తించి, పది సెకన్లు కొలిచి, బాగుంది అనుకుంది. ఆ రోజు మాత్రం బలవంతాన కూర్చోబెట్టి సెమీఫైనల్ వీడియో పెట్టాను. రత్నం అబద్ధం ఆడుతోందని ఆటలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని నా ఆశ.

"ఇదిగో, పది సెకన్లు. ఇప్పుడు వెలిగింది చూడు" అన్నాను.

అది కాసేపు చూసి, ఫౌలూ ఫ్రీ త్రోలూ చూసి విసుగొచ్చి, టీ పెట్టుకుంటానని వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొంగిన వాసన వచ్చింది. పొయ్యి తుడిచిన చప్పుడు వినిపించింది. రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి తెర వంక చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, ఆపి పెట్టావా?"

"లేదే."

"మరి ఇంకా నాలుగు సెకన్లున్నాయేమిటి?"

"టైమ్ అవుట్ కదే. గడియారం ఆగింది."

"ఆ అమ్మాయి మెడ మీద లైటు వెలుగుతూనే ఉంది."

సువర్చల గ్లాసులు ఎక్కడ పెట్టిందో నాకు గుర్తు లేదు. ఫోన్ తీసి స్టాప్‌వాచ్ నొక్కి, మొదటి నుంచి పెట్టమంది. స్కోరుబోర్డు మీద ఆఖరి పది సెకన్లు. వాచీ మీద ఆరు నిమిషాల ఇరవై సెకన్లు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ గడియారం కింద బతికిన మనిషిని నేను. పది సెకన్లంటే నాకు స్కోరుబోర్డు మీది పది సెకన్లే. ఆగిన కాలం కూడా కాలమేనని నాకు తట్టలేదు. ఆటలో పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ తట్టదు. కాగితం మీద 'వాడిన సమయం' అన్న చోట పది సెకన్లని రాసి, పదకొండుసార్లు కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను. ఆట ముఖం చూడని నా చెల్లెలు, ల్యాబ్ ముఖం చూడని నేను, ఇద్దరం కలిసి చేసిన ఘనకార్యం ఇది.

పదకొండు మ్యాచ్‌లూ చూశాం. మొత్తం నలభై మూడు నిమిషాలు. రత్నం తలలో అది ఏడు గంటల పైమాట. అన్నిటికంటే ఎక్కువసేపు సాగినవి నేను గొప్పగా ఆడించిన మ్యాచ్‌లే. నేను ఫౌల్ చేయించిన ప్రతిసారీ, టైమ్ అవుట్ తీసుకున్న ప్రతిసారీ, ఆ పిల్ల మెదడు మంట మీదే ఉంది. నేను ఎత్తులు చెబుతూ తీరిగ్గా నీళ్ళు తాగుతున్నాను. ఫ్రిజ్ మీది ఫొటో చించి చెత్తలో పడేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ చించకుండా ఉండలేకపోయాను.

"తగ్గుతుందా?" అని అడిగాను.

"ఇప్పుడాపితే ఏడాదికో రెండేళ్ళకో తగ్గొచ్చు. ఇంకొక్క మ్యాచ్ ఇలా సాగితే ఏమీ చెప్పలేను" అని సువర్చల ఏడ్చేసింది.

సాయంత్రం జగన్నాథపురంలో రత్నం ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నిలబడే అంతా చెప్పాను. నిన్ను దొంగ అన్నాను, దొంగని నేను అని చెప్పాను. క్షమించమ్మా అన్నాను. అది గుమ్మానికి ఆనుకుని విన్నది.

"ఫైనల్లో నన్ను ఆడిస్తారాండి?" అంది చివరికి.

"రెప్ప లేకుండా."

"మీ రెప్ప గోదాట్లో పారేయండి. ఆడిస్తారా లేదా?"

"ఆడిస్తాను."

"అయితే రేపు పొద్దున్న ఐదింటికి వస్తానండి. మిమ్మల్ని క్షమించలేదు. అది వేరే సంగతండి."

లీగ్ ఆఫీసులో జనార్దన రాజు గారని ఒక డైరెక్టరు ఉన్నారు. మర్యాదస్తుడు. నా మాటలన్నీ విని, సొరుగులోంచి నేను సంతకం పెట్టిన పదకొండు కాగితాలూ తీసి బల్ల మీద పరిచారు.

"ఇవి తప్పంటారా అమ్మా?"

"తప్పే."

"అంటే మీరు తప్పుడు పత్రాలు ఇచ్చారని మీరే ఒప్పుకుంటున్నారు. మిమ్మల్ని నిషేధించాల్సి వస్తుంది."

"నిషేధించండి. రెప్పని కూడా నిషేధించండి."

"ఫైనల్ అయ్యాక కమిటీ వేద్దాం. మీ జట్టు పెట్టుకోకపోతే మీ ఇష్టం. ఎదుటి జట్టు సంగతి మీకెందుకు?"

ఎదుటి జట్టు నెల్లూరు. వాళ్ళ పట్టీ మెహరున్నీసా అనే పంతొమ్మిదేళ్ళ పిల్ల పెట్టుకుంటుంది. మాకంటే ముందే మొదలుపెట్టి, రెప్పతో పద్నాలుగు మ్యాచ్‌లు ఆడింది. వాళ్ళ కోచ్ మస్తాన్ గారికి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళుగా ఒకరి మీద ఒకరం ఎత్తులు వేసుకుంటున్నవాళ్ళం. అంతా విని ఆయన పెద్దగా నవ్వారు.

"ఏంది అలివేలమ్మా, రేపు ఫైనల్ పెట్టుకోని, ఈరోజు ఫోన్ జేసి నా బిడ్డ మెడ్లో రెప్ప తీసెయ్యమంటుండావా? పోయిన సంవత్సరం నీ పిల్లకి కాలు బెణికిందని కుంటించి, ఆఖర్లో దాంతోనే షాటు ఏయించినావే. నేను మర్సిపోతానా?"

"ఇది ఎత్తు కాదు మస్తాన్ గారూ. ఆ పిల్లని అడగండి, మధ్యమధ్యలో మర్చిపోతోందా అని."

"నా బిడ్డ బాగానే ఉండాది. పొయ్యి పడుకో."

నాన్నా పులి అని ఇరవై ఏళ్ళు అరిచినదాన్ని, ఇప్పుడు నిజంగా పులి వస్తే ఎవరు నమ్ముతారు?

ఫైనల్ ముందు జట్టుని కూర్చోబెట్టి ఒక్కటే మాట చెప్పాను. ఆఖరి పది సెకన్లలో ఫౌల్ లేదు, టైమ్ అవుట్ లేదు, బంతిని బయటికి కొట్టడం లేదు. గడియారం ఆగకూడదు, ఆగినంతసేపూ నెల్లూరు మెహర్ మెడ మీద రెప్ప వెలుగుతూనే ఉంటుంది.

మా పొట్టి గార్డు జోస్ఫిన్ లేచి నిలబడింది. "మనం వెనకబడి ఉంటేనో మేడమ్?"

"అప్పుడూ అంతే."

"అంటే ఓడిపోమంటున్నారా? వాళ్ళ అమ్మాయి కోసం మనం ఓడిపోవాలా?"

రత్నం అందుకుంది. "గేటు దగ్గర నువ్వు బండాపి, ఇంకెక్కడో దిగి చూడవే, తెలుస్తాది. అంతకుముందే గెలిచేద్దాం. పది రాకముందే ముందుండాలి, అంతే."

ఉండటానికి ఎంత ప్రయత్నం చేశారో! ముప్ఫై తొమ్మిదిన్నర నిమిషాలు ప్రాణం పెట్టి ఆడారు. సువర్చల సెలవు పెట్టి వచ్చి నా వెనక వరసలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంది. సీజన్ అయ్యేదాకా నోరు మూసుకోమని దాని కంపెనీ చెప్పింది. ఇది మా నాన్న కూతురు కదా, మాట వినదు. పదకొండు సెకన్లు మిగిలాయి. నెల్లూరు అరవై రెండు, మేము అరవై ఒకటి. బంతి మా వాళ్ళ వేళ్ళకి తగిలి బయటికి పోయింది. నెల్లూరు వాళ్ళు లోపలికి విసిరారు. మా పిల్ల అందుకునే లోపే పది పడింది. మెహర్ మెడ మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. బంతి సరిగ్గా ఆమె చేతిలోనే ఉంది.

స్టేడియం మొత్తం ఒకటే కేక. "ఫౌల్! ఫౌల్ చెయ్యి!" ఆట తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ ఫౌల్ చేయకపోతే కోచ్‌కి పిచ్చెక్కినట్టే. రత్నం మెహర్ పక్కనే ఉంది. జెర్సీ పట్టుకు లాగితే చాలు. నా దగ్గర రెండు టైమ్ అవుట్‌లు ఉన్నాయి. నా ఒళ్ళంతా ఫౌల్ అని అరుస్తోంది, ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. రత్నం చెయ్యి మెహర్ నడుం దాకా వెళ్ళింది. ఒక్క క్షణం నా వంక చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను.

అది చెయ్యి వెనక్కి తీసుకుని బంతి మీదికి దూకింది. నిజాయితీగా, రెండు చేతులూ చాచి దూకింది. రెప్ప ఉన్నవాళ్ళ దగ్గర బంతి లాక్కోవడం కుదరని పని. మెహర్ అప్పటికే పక్కకి తిప్పేసింది. అయినా రత్నం వేలికొస తగిలింది. బంతి గీత వైపు దొర్లింది. దాన్ని బయటికి పోనిస్తే గడియారం ఆగుతుంది, నేను ఎత్తు వేయొచ్చు. జోస్ఫిన్ నేల మీద పడి దొర్లి, గీత దాటకుండా బంతిని లోపలికి కొట్టింది. మోచేయి చర్మం లేచిపోయింది. రత్నం అందుకుంది. మూడు సెకన్లు. రెండు. లేచి షాట్ వేసింది.

మెహర్ ఆ షాట్‌ని ఎంతసేపు చూసి ఉంటుందో నాకు తెలుసు. చెయ్యి ఎక్కడ పెట్టాలో తీరిగ్గా ఆలోచించుకుని అక్కడే పెట్టింది. బంతి గోళ్ళకి తగిలి, రింగు అంచు మీద పడి, బయటికి జారిపోయింది. బజర్ మోగింది. ఆకుపచ్చ లైటు ఆరిపోయింది.

ఓడిపోయాం. ఒక్క పాయింటు. మా వాళ్ళ వైపు నుంచి నీళ్ళ సీసాలు పడ్డాయి. ఎవడో "అమ్ముడుపోయింది" అని అరిచాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని వాడి వంకే చూస్తూ నిలబడ్డాను, వాడే కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ వేయలేదు. వెనక నుంచి సువర్చల నా భుజం పట్టుకుని వాచీ చూపించింది.

"పది సెకన్లక్కా. పదంటే పదే."

రత్నం నడిచి వచ్చి నా పక్కన కూర్చుంది. చెమట తుడుచుకుంటూ, "మొత్తం గుర్తుందండి. మొదట్నుంచి ఆఖరిదాకా ప్రతి ముక్కా గుర్తుంది" అంది. అంతలోనే, కప్పు పోయిందని బోరున ఏడ్చింది. నా భుజం మీదే ఏడ్చింది. క్షమించినట్టేమీ కాదు, దగ్గర్లో ఇంకో భుజం లేక.

నెల్లూరు పిల్లలు కోర్టు మధ్యలో గెంతుతున్నారు. మస్తాన్ గారు గెంతడం లేదు. ఆయన అవతలి బెంచీ దగ్గర నిలబడి స్కోరుబోర్డు వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నారు. ఆ తర్వాత మెహర్‌ని దగ్గరికి పిలిచి ఏదో అడిగారు. ఆ పిల్ల ముందు తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ అడిగారు. అది తల దించుకుంది. మస్తాన్ గారు దాని మెడ వెనక నుంచి పట్టీ ఊడబెరికి, జేబులో వేసుకుని, దాన్ని వెంటబెట్టుకుని కోర్టుకి అడ్డంగా మా వైపు నడిచి వచ్చారు.

"నువ్వు ఫౌల్ చెయ్యలేదు" అన్నారు.

"లేదు."

"నీ దగ్గర రెండు టైమ్ అవుట్‌లుండాయి."

"ఉన్నాయి."

ఆయన మెహర్ భుజం మీద చెయ్యి వేశారు. "ఈ బిడ్డ దీనికి ముందు పద్నాలుగు మ్యాచ్‌లు పెట్టుకునింది. కాగితాల మీద నేనూ పదీ పదీ అనే రాసినా. యాడ్నించి యాడికి కొలవాల్నో సూపించు."

సువర్చల బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని నెల్లూరు మొదటి మ్యాచ్ తెరిచింది. ఒక పక్కన మస్తాన్ గారు, ఒక పక్కన మెహర్, వెనక నుంచి వంగి చూస్తూ రత్నం. వాచీ నా చేతిలో ఉంది. వేదిక మీద దీపాలు వెలిగాయి. జనార్దన రాజు గారు దండ పట్టుకుని నిలబడ్డారు. మైకులో విజేత జట్టు కోచ్ గారిని వేదిక మీదికి రమ్మన్నారు. ఇంకోసారి పిలిచారు. మూడోసారి పేరు పెట్టి గట్టిగా పిలిచారు.

మస్తాన్ గారు తల ఎత్తలేదు.

"మళ్ళీ మొదట్నించి పెట్టమ్మా. గడియారం ఆగిన కాడ నేను సరిగ్గా సూళ్ళేదు" అన్నారు.

నేను వాచీ నొక్కాను.